ఆగమన్న తమ్ముడు

ఆయన్ని అందరూ ఫారాల బాబాయ్ అంటారు. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. మొదట్లో ఆయనకది నామోషీగా ఉండేది. ఒకసారి పన్నుల ఆఫీసు పెద్దాయనే మెట్లు దిగుతూ "బాబాయ్ గారూ, కాస్త పెన్నిస్తారా" అనేసరికి ఉబ్బిపోయి, ఆ పేరునే బోర్డు మీద రాయించుకున్నాడు. ఆదాయపు పన్ను ఆఫీసుకి ఎదురుగా, జిరాక్స్ షాపు వసారాలో ఆయన బల్ల. బల్ల మీద ఒక స్కేలు, రెండు నల్ల పెన్నులు, స్టాంపు ప్యాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ బల్ల ముందు కూర్చుని నర్సులకీ, లారీ ఓనర్లకీ, టీచర్లకీ, సెలూన్ల వాళ్ళకీ ఆదాయపు పన్ను ఫారాలు నింపాడు.

"నా చెయ్యి పడ్డ ఫారం ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు" అని రోజుకి నాలుగుసార్లయినా అనేవాడు. గొప్పలకి పోయే మనిషే కానీ, ఈ మాట మాత్రం నిజం. ఏ ఖర్చుని ఏ గడిలో చూపిస్తే పన్ను ఎంత తగ్గుతుందో ఆయనకి కంఠతా వచ్చు. ఎదుటి మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చుని నెల జీతం ఎంతో చెప్పేలోపే, చొక్కా కాలరూ చేతి గడియారమూ చూసి, రమారమి పన్ను ఎంతో చెప్పేసేవాడు. జనం ముక్కున వేలేసుకునేవారు. అలా మనుషుల్ని సంపాదన వైపు నుంచే చూడటం ఆయనకి అలవాటైపోయింది. వీధిలో ఎవరైనా ఎదురైతే ముందు మొహం కాదు, జీతం కనిపించేది.

ఏడాదికొకసారి ఒక్క ఫారం మాత్రం డబ్బు తీసుకోకుండా నింపేవాడు. అది వాళ్ళ అక్కది. ఆవిడ నాలుగు వీధులవతల ఉన్న ఆస్పత్రిలో, రోగులు కూర్చునే ముందు హాల్లో పేర్లు పిలిచే పని చేసేది. వందమంది కూర్చునే హాలు అది, పసిపిల్లల ఏడుపులు, దగ్గులు, ఫ్యాన్ల రొద. అక్కడ మైకు లేదు, ఆవిడ గొంతే మైకు. ఒకసారి పిలిస్తే బయట గేటు దగ్గర టీ తాగుతున్నవాడు కూడా గ్లాసు పక్కన పెట్టేసి పరిగెత్తుకొచ్చేవాడు. జీతం నెలకి ఏడు వేలు. అంత తక్కువ జీతానికి పన్ను పడదు. పడదని కాగితం మీద రాసి ఇవ్వాలి కాబట్టి ఆస్పత్రి వాళ్ళు ఏటేటా ఫారం అడిగేవారు.

"అక్కా, నీ ఫారం నింపితే నా పెన్నుకి మహా హాయిగా ఉంటుందే. అన్నీ సున్నాలే" అనేవాడు బాబాయ్.

"సున్నాలైనా గుండ్రంగా పెట్టరా, వంకరగా పెట్టకు" అని ఆవిడ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. తల్లి పోయాక లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేసి తమ్ముణ్ణి కామర్సు దాకా చదివించిన మనిషి ఆవిడ. ఆ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. ఎత్తుతుందేమోనని ఆయనకే లోపల కాస్త బెరుగ్గా ఉండేది.

ఆ పళ్ళే తర్వాత పోయాయి. చిగుళ్ళ జబ్బు వచ్చి పైవరస ముందు పళ్ళు ఆరూ పీకించుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆవిడ చెయ్యి ఎప్పుడూ నోటి దగ్గరే. పేరు పిలిస్తే సగం గాలే బయటికొచ్చేది. వెనక వరసల్లో ఆకతాయిలు ఆవిడ పిలిచినట్టే పిలిచి నవ్వుకునేవారు. ఆస్పత్రి మేనేజరమ్మ మంచిదే. అందుకే గడువిచ్చి చెప్పింది.

"మీరు పళ్ళు కట్టించుకోండి పెద్దమ్మా. కొత్త సంవత్సరం మొదటి నెలాఖరుకి ముందు హాల్లో ఎవరుండాలో ఖరారు చేస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే మిమ్మల్ని కింద రికార్డుల గదికి మార్చక తప్పదు. జీతం కూడా తగ్గుద్ది. నా చేతిలో లేదు."

కట్టుడు పళ్ళ సెట్టు పన్నెండు వేలు. ఆవిడ నెలకి అయిదు వందల చొప్పున అప్పటికే రెండేళ్ళుగా కూడబెడుతూ ఉంది. మొదట్లో అది పళ్ళ కోసమని కాదు, ఒంట్లో బాగోకపోతే పనికొస్తుందని దాచుకున్న డబ్బు. అది సరిగ్గా పన్నెండు వేలకి చేరే సమయానికే ప్రభుత్వం కొత్త చట్టం ప్రకటించింది.

కొత్త సంవత్సరం ఒకటో తారీఖు నుంచి ఆదాయపు పన్ను ఉండదు. ఎవరెంత సంపాదించినా అడిగేవాళ్ళుండరు. దానికి బదులు వస్తువు కొన్నప్పుడే, కౌంటర్ దగ్గరే, బిల్లులోనే పన్ను కలిపి తీసుకుంటారు. వీధంతా ఒకటే సందడి. జీతాల వాళ్ళు చంకలు గుద్దుకున్నారు. బాబాయ్ బల్ల దగ్గరికి వచ్చి "ఇంక నువ్వు దుకాణం సర్దెయ్యి బాబాయ్" అని ఆటపట్టించారు. ఆయనా నవ్వాడు కానీ ఇంటికెళ్ళాక భోజనం సహించలేదు.

ఇంతలో పన్నుల ఆఫీసు వాళ్ళు ఆయన్ని పిలిపించారు. కొత్త పన్ను గురించి ఊళ్ళో జనానికి విడమరిచి చెప్పడానికి పదిహేను మందిని ఆరు నెలలపాటు జీతమిచ్చి పెట్టుకుంటారట. వాళ్ళకి 'వివరణకర్తలు' అని పేరు. ఒక నీలం కోటు, జేబు మీద బిళ్ళ. బాగా పనిచేసిన ఒకరిద్దరిని పర్మనెంటు చేస్తామని కూడా పై అధికారి ఒక మాట గాల్లోకి వదిలాడు. యాభై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి ఆఫీసుకి ఎదురుగా కాకుండా ఆఫీసులోపల కుర్చీ దొరికేసరికి బాబాయ్ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంట్లో ఆ కోటు తొడుక్కుని అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డాడో ఆయన భార్యని అడిగితే చెబుతుంది. వీధి మొత్తానికి ఆయన బాబాయ్ కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని.

ఆయన నమ్మకుండానే ఆ పని చేశాడని నేననను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదుటి కుర్చీలో జీతాల మనుషుల ఏడుపే విన్నాడు. కష్టపడి సంపాదించుకున్నదాన్ని చేతికి రాకముందే కోసేస్తున్నారని వాళ్ళు పెట్టే శాపనార్థాలు విన్నాడు. ఆ కోత పోతుందంటే అందరికీ మేలే అనుకున్నాడు. అసలు ఏ కోతా లేని మనిషికి తీసెయ్యడానికి ఏముంటుందనే ప్రశ్న ఆయనకి తట్టలేదు. ఏటా సొంత చేత్తో సున్నాలు చుట్టిన మనిషికి తట్టకపోవడమేమిటని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి మీటింగు బడి హాల్లో పెట్టారు. వీధి వీధంతా వచ్చింది. అక్క రెండో వరసలో, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బాబాయ్ ఒక జీతం చీటీ పైకెత్తి, పన్ను కోత ఉన్న గడి మీద ఎర్ర గీత కొట్టి, "ఇదిగో, ఈ గీతతో సరి. మీ సంపాదన మీది. కొనుక్కుంటేనే పన్ను. పాత వస్తువు కొనుక్కుంటే అదీ లేదు" అన్నాడు. చప్పట్లు మోగాయి. అప్పుడు అక్క లేచి నిలబడింది.

"ఒరే, నాదొక చిన్న అనుమానం. పళ్ళ సెట్టు కట్టించుకుందామని డబ్బు చేర్చుకున్నాను. పళ్ళ డాక్టరు రేపు కొలతలు తీస్తానన్నాడు. ఇప్పుడే కట్టించుకోనా, కొత్త చట్టం వచ్చాకా?"

ఆఫీసు వాళ్ళిచ్చిన చిన్న పుస్తకంలో, తయారుచేసేవాళ్ళ మీద ఆదాయపు పన్ను పోతుంది కనుక వస్తువుల ధరలు తగ్గే అవకాశం ఉంది అని రాసి ఉంది. ఆ 'అవకాశం' అనే మాటని బాబాయ్ చప్పట్ల హుషారులో మింగేశాడు.

"ఆగక్కా. ధర తగ్గుద్ది. డాక్టరుకీ పన్ను ఉండదు, పళ్ళు తయారుచేసేవాడికీ ఉండదు. రెండు నెలలు ఓపిక పట్టు, పది వేలకే వచ్చేస్తాయి. నాదీ పూచీ."

"మా తమ్ముడు చెప్పాడంటే ఇంక తిరుగులేదు" అని ఆవిడ చుట్టూ చూసి కూర్చుంది. ఆ సంబరంలో చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి కొలతలు వద్దని చెప్పి వచ్చింది. ఆవిణ్ణి చూసి ఇంకో నలుగురైదుగురు కూడా కొనాలనుకున్నవి కొనకుండా ఆగారు.

ఒకటో తారీఖుకి ఇంకా పన్నెండు రోజులుందనగా రేట్ల పుస్తకం వచ్చింది. మూడు వందల పేజీలు. మిగతా వివరణకర్తలు దాన్ని బల్ల మీద పడేసి టీకి వెళ్ళారు. బాబాయ్ మాత్రం పాత అలవాటుగా స్కేలు పెట్టుకుని ఒక్కో వరసా చదువుకుంటూ పోయాడు. మందులకి పన్ను లేదు. కళ్ళద్దాలకి లేదు. చేతి కర్రలకి లేదు. ఇంటి సరుకులు, సబ్బులు, బస్సు టికెట్లు, అద్దెలు నూటికి ఎనిమిది. కట్టుడు పళ్ళు కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా 'అలంకార సామగ్రి' కింద, విగ్గులకీ అత్తరుకీ మధ్యన దొరికాయి. నూటికి ఇరవై అయిదు.

పెన్సిలు తీసుకుని ఆ పేజీ అంచునే లెక్క వేశాడు. పన్నెండు వేల సెట్టు పదిహేను వేలు అవుతుంది. ఇంకో మూడు వేలు కావాలి, నెలకి అయిదు వందలంటే ఆరు నెలలు. కానీ ఆ అయిదు వందలు మిగులుతాయా? అక్క జీతం ఏడు వేలు, ఖర్చు ఆరు వేల అయిదు వందలు. ఆ ఖర్చు మీద నూటికి ఎనిమిదంటే అయిదు వందల ఇరవై. పైసా మిగలకపోగా నెలకి ఇరవై లోటు. సంపాదన మీద ఒక్క పైసా పన్ను కట్టని మనిషి, బతికినందుకే నెలనెలా పన్ను కట్టబోతోంది. బీదవాళ్ళకి కొంత వెనక్కి ఇస్తామని పుస్తకం చివర రాశారు కానీ, అదీ చట్టం వచ్చిన ఏడాది తర్వాతే.

అక్క ఇల్లు నాలుగు వీధులవతల. లేచి వెళ్ళి "అక్కా, పొరపాటైపోయింది, రేపే కట్టించుకో" అంటే సరిపోయేది. గట్టిగా నడిస్తే పావుగంట పని.

ఆయన వెళ్ళలేదు. అంతకుముందు రోజే పై అధికారి అందరినీ పిలిచి, జనాన్ని ముందస్తు కొనుగోళ్ళకి ఎగదొయ్యొద్దని, షాపుల మీద పడతారని గట్టిగా చెప్పాడు. బాబాయ్ ఆ మాట చాటున దాక్కున్నాడు. అసలు సంగతి అది కాదు. అక్క ఇప్పుడు పరుగెత్తుకెళ్ళి పళ్ళు కట్టించుకుంటే, ఫారాల బాబాయ్ తప్పు చెప్పాడని వీధంతా తెలుస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క ఫారం వెనక్కి రాలేదన్న పేరు పోతుంది. నీలం కోటు పర్మనెంటు కాకుండా పోతుంది. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, ఆయనే తర్వాత నోరు విప్పి చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం పిన్ని అడిగింది. "బట్టలుతికే మిషను ఇప్పుడే కొందామా, వచ్చే నెలలోనా? నువ్వేమో అందరికీ ఆగమంటున్నావు."

బాబాయ్ లేచి వీధి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "శనివారం కొనేద్దాం. ఎవరితోనూ అనకు" అన్నాడు.

శనివారం కొన్నారు. పదహారు వేలు. మిషన్లకీ నూటికి ఇరవై అయిదే, ఒకటో తారీఖు దాటితే ఇరవై వేలు అయ్యేది. బండివాణ్ణి వెనక సందులోంచి రమ్మని, అట్టపెట్టె మీద దుప్పటి కప్పించి లోపలికి దింపించుకున్నారు. దొంగసొత్తు దింపుకున్నట్టు ఉందేంటి అని పిన్ని అంది కూడా. ఇక్కడ ఆయన్ని వెనకేసుకురావడం నా వల్ల కాదు.

ఆదివారం మనసు ఊరుకోక అక్క ఇంటికి వెళ్ళాడు. చెబుదామనే వెళ్ళాడు. ఒంటిగది ఇల్లు, గోడకి క్యాలెండరు, దాని మీద ఒకటో తారీఖు చుట్టూ ఆవిడ గీసుకున్న గుండ్రం. మెత్తటివి తప్ప తినలేకపోతోంది కాబట్టి తన కోసం రొట్టె టీలో నానబెట్టుకుంది, తమ్ముడికి మాత్రం అంచులు గట్టిగా కాల్చి ఇచ్చింది.

"ఇంకెన్ని రోజులు ఆగాల్రా?" అంది.

ఆయన గోడ మీది గుండ్రం చూశాడు. నోటిదాకా వచ్చింది.

"ఎనిమిది రోజులక్కా" అన్నాడు. రొట్టె మొత్తం తిని, టీ తాగి, ఇంటికి వచ్చేశాడు.

ఒకటో తారీఖు రానే వచ్చింది. మర్నాడు అక్క జేబురుమాల్లో డబ్బు ముడేసుకుని ఆఫీసుకే వచ్చింది. "నువ్వూ రారా, బిల్లు కాగితాల గోల నాకేం తెలుసు" అంది. తప్పించుకోవడానికి బాబాయ్ పని ఉందన్నాడు, తలనొప్పన్నాడు. పక్క కుర్చీ అతను "వెళ్ళు బాబాయ్, నేను చూసుకుంటాలే" అని సాయం చేశాడు. కోటు విప్పేద్దామనుకున్నాడు. అక్క విప్పనివ్వలేదు.

పళ్ళ డాక్టరు కౌంటర్ దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. కౌంటర్ మనిషి బిల్లు కొట్టి ముందుకి తోశాడు. పదిహేను వేలు.

"పన్నెండు కదా బాబూ? తగ్గి పదవుతుందన్నారు" అంది అక్క.

"ఎవరన్నారు? సెట్టు పన్నెండే. పన్ను మూడు వేలు. కొత్త చట్టం పెద్దమ్మా."

"పొరపాటుగా కొట్టుంటావు. ఇదిగో, మా తమ్ముడు పన్నుల ఆఫీసు మనిషి. వాడు చూస్తాడు." బిల్లు తీసి బాబాయ్ చేతిలో పెట్టింది.

అందరి కళ్ళూ నీలం కోటు మీద పడ్డాయి. బాబాయ్ బిల్లు చూశాడు. చూడాల్సిన పని లేదు, ఆ అంకె పదమూడు రోజులుగా ఆయన కళ్ళముందు ఆడుతూనే ఉంది. అయినా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చూశాడు.

"లెక్క సరిగ్గానే ఉందక్కా" అన్నాడు.

వెనక నుంచి ఎవరో, "పాత వస్తువులకి పన్ను లేదని మీరేగా బడి హాల్లో చెప్పారు. పోనీ వాడేసిన పళ్ళు ఏమన్నా ఉంటే చూపించమనండి" అన్నారు. గదంతా నవ్వు. బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. అక్క మాత్రం నవ్వినవాళ్ళ వైపు చూడలేదు. రుమాలు మళ్ళీ ముడేసుకుని, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించుకొచ్చింది.

"నీకు మాత్రం ఎలా తెలుస్తుందిరా. వాళ్ళు చివర్లో మార్చేసి ఉంటారు. నువ్వు మనసులో పెట్టుకోకు" అంది.

ఆయన ఔననలేదు, కాదనలేదు. మూడు వేలు తనిస్తానన్నాడు. "నీది ఆరు నెలల ఉద్యోగం. మరదలు ఊరుకోదు, నేనూ తీసుకోను" అని ఆవిడ వెళ్ళిపోయింది. రోడ్డు మీద ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపితే ఈయన పక్కనున్న చెప్పుల షాపులోకి తప్పుకున్నాడు. ఆ తర్వాత మూడు వారాలపాటు ఆ వీధి వైపు పోలేదు. ఇంట్లో మిషను తిరుగుతుంటే బయట మెట్ల మీద కూర్చునేవాడు.

నెలాఖరుకి ముందు హాల్లో ఒక కొత్త మనిషి కూర్చుంది. అక్కని కింద రికార్డుల గదికి మార్చారు. జీతంలో వెయ్యి తగ్గింది. ఆ కబురు బాబాయ్‌కి పిన్ని చెప్పింది. విని, అన్నం కంచం ముందు కూర్చున్నవాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు.

తర్వాతి వారం ఆయన డ్యూటీ ఆ ఆస్పత్రిలోనే పడింది. ఇంకొకరిని పంపమని అడిగాడు. వీల్లేదన్నారు. మధ్యాహ్నం రోగులు వెళ్ళిపోయాక ముందు హాల్లో సిబ్బందంతా కూర్చున్నారు, నర్సులు, కాంపౌండర్లు, ఊడ్చేవాళ్ళు, ముప్ఫై మంది దాకా. అక్క ఆఖరి వరసలో, దుమ్ము కొట్టుకున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాబాయ్ ఆవిడ వైపు చూడకుండా జీతం చీటీ పైకెత్తి నోటికొచ్చిన పాఠం మొదలుపెట్టాడు. సగంలోనే ఒక పెద్ద నర్సు లేచింది.

"ఆపండి సార్. మా జీతాల్లో కోత పోయింది, నిజమే. ఊడ్చే ఆవిడకి ఏ కోతా లేదు, ఆవిడకేం పోయింది? సబ్బు కొన్నా పన్నే, బస్సెక్కినా పన్నే. మీరు ఆగమన్నారు, మేం ఆగాం. మీకు ముందే తెలిసి చెప్పలేదని బయట అనుకుంటున్నారు."

హాల్లో గుసగుసలు లేచాయి. అప్పుడు ఆఖరి వరసలోంచి అక్క లేచింది. గాలి పోతున్న గొంతుతోనే, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా అంది:

"ఆ మాట అనకమ్మా. వాడికి తెలీదు. తెలిసుంటే సొంత అక్కకి, నాకు చెప్పకుండా ఉంటాడా? పళ్ళు లేక కింద గదిలోకి పోయింది నేను. నేనంటున్నాను, వాడికి తెలీదు."

నర్సు కూర్చుండిపోయింది. గండం గడిచిపోయినట్టే. బాబాయ్ జీతం చీటీ మళ్ళీ ఎత్తి పాఠం ముగించుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఎత్తాడు కూడా. చేతిలోంచి చీటీ కింద పడింది. వంగి తీసుకోలేదు.

"తెలుసక్కా" అన్నాడు.

ఆవిడకి వినపడలేదు. "ఏంట్రా?" అంది.

"నాకు తెలుసు. పన్నెండు రోజుల ముందే తెలుసు. పుస్తకంలో చూశాను. నీకెంత పడుద్దో లెక్క కూడా వేశాను. చెబితే నా పరువు పోతుందని, కోటు పోతుందని చెప్పలేదు. మేం మాత్రం మిషను కొనుక్కున్నాం." ముప్ఫై మంది ముందు ఏడుపు వచ్చేసింది ఆయనకి.

అక్క నిలబడే ఉంది. "ఆదివారం ఇంటికొచ్చావే, అప్పటికీ?"

"అప్పటికీ తెలుసు."

ఆవిడ కుర్చీల మధ్యలోంచి నడిచి, ఎవరినీ చూడకుండా, మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయింది.

కోటు విప్పి కుర్చీ మీద పడేసి బాబాయ్ కిందికి వెళ్ళాడు. రికార్డుల గదికి కిటికీ లేదు. ఇనుప అరల మధ్య ఒక స్టూలు మీద కూర్చుని అక్క ఫైళ్ళు నంబర్ల వారీగా సర్దుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి అడుగు వెయ్యడానికి మొహం చెల్లలేదు.

"తిట్టక్కా" అన్నాడు. "కొట్టినా పడతాను. మిషను అమ్మేసి రేపే పళ్ళు కట్టిస్తాను. మేనేజరమ్మ కాళ్ళు పట్టుకుంటాను."

"మేనేజరమ్మ ఏం చేస్తుంది. అక్కడ కొత్తావిడని వేసేశారుగా. ఆవిడకీ ఇల్లుంది, పిల్లలున్నారు." ఆవిడ తల ఎత్తలేదు. ఒక ఫైలు అట్ట మీది దుమ్ము చేత్తో తుడిచింది.

"అయినా సరే, ఏదో ఒకటి అనక్కా. ఇలా ఊరుకోకు."

ఆవిడ ఆ ఫైలుని దాని నంబరు ఉన్న అరలో పెట్టింది. తర్వాత, తమ్ముడి వైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే చెప్పింది.

"ఆ వేళ కౌంటర్ దగ్గర అందరూ నవ్వారు చూడు. ఇంటికెళ్ళి ఏడ్చానురా. పళ్ళ కోసం కాదు. మా తమ్ముడు నలుగుర్లో తల దించుకోవాల్సొచ్చిందే, వాడి తప్పేం లేకుండా, అని ఏడ్చాను."

బాబాయ్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఇంకేమన్నా అంటుందేమోనని చూశాడు. ఆవిడ స్టూలు అటువైపు తిప్పుకుని, తర్వాతి ఫైలు తీసుకుంది.